బోల్జానోలో దిగాక

మ్యూనిక్ నుంచి రైల్లో బ్రెన్నర్ కనుమ దాటి బోల్జానోలో దిగాను. ఉన్నది ఇటలీలోనే. బేకరీలో అమ్మాయి మాత్రం నాతో జర్మన్‌లో మొదలుపెట్టి, పక్కాయనతో ఇటాలియన్‌లో మాట్లాడుతూ చిల్లర లెక్కపెట్టింది.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, బోల్జానో ఉన్న ఈ దక్షిణ టిరోల్ ప్రాంతం ఆస్ట్రియా చేజారి ఇటలీ పాలైంది. ముస్సోలినీ వచ్చాక జర్మన్ బళ్లు మూయించారు, ఊళ్ల పేర్లు మార్చారు, ఆఖరికి సమాధుల మీద జర్మన్ రాతలు కూడా వద్దన్నారు! పిల్లలకి దొంగచాటుగా చదువు చెప్పుకోవాల్సి వచ్చింది.

1946లో ఆస్ట్రియాతో ఒప్పందం చేసుకుని స్వపరిపాలన ఇస్తామన్న ఇటలీ, దీన్ని ఇటాలియన్లు ఎక్కువగా ఉన్న పక్క ప్రాంతం ట్రెంటోతో కలిపేసి జర్మన్ మాట్లాడేవాళ్లని అక్కడా మైనారిటీనే చేసింది. తెలివైన ఎత్తే. ఆస్ట్రియా విదేశాంగ మంత్రి క్రైస్కీ 1960లో ఐక్యరాజ్యసమితికి వెళ్లాడు. ఒప్పందం అమలు చేయమన్నదే ఆయన పట్టు. మరుసటి ఏడాది కొందరు కరెంటు టవర్లు పేల్చి టెన్షన్ పెంచినా చర్చలు ఆగలేదు. 1972లో కొత్త స్వపరిపాలన చట్టం వచ్చింది. అది అమలయ్యేదాకా కాచుకుని, 1992లో గానీ వివాదం ముగిసిందని ఆస్ట్రియా ఒప్పుకోలేదు. నాకు నచ్చింది ఆ మొండితనమే.

మనమూ ఇలాగే 1987లో శ్రీలంకతో అక్కడి తమిళుల కోసం ఒప్పందం చేసుకున్నాం. శ్రీలంక రాజ్యాంగానికి 13వ సవరణ వచ్చింది, భూమి, పోలీసు అధికారాలు మాత్రం అక్కడి ప్రావిన్సులకి ఇంకా పూర్తిగా దక్కలేదు. ఢిల్లీ అడుగుతూనే ఉంది.