పిల్లల ప్రొఫైల్ పెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

మొత్తానికి పనైపోయింది. ఇప్పుడు మా టీవీలో ఎవరి ప్రొఫైల్ వాళ్లది. పెద్దవాళ్ల ప్రొఫైళ్లకు తాళాలు, చిన్నాడికి వాడి బొమ్మలు వాడికి. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. చల్లారితే కస్టమర్ కేర్ వాళ్ల గురించి మర్యాదగా రాయాల్సి వస్తుంది.

మా టీవీ పాతదే కానీ బొమ్మ బాగా వస్తుంది. లోపలి యాప్‌లే ముసలివైపోయాయి. కొన్నింటికి అప్‌డేట్లు ఆగిపోయాయి, కొన్ని తెరుచుకునేలోపు పిల్లాడు ఏడుపు లంకించుకునేవాడు. అంతమాత్రానికి కొత్త టీవీ ఎందుకు? హెచ్‌డీఎంఐ పోర్టులో పెడితే ఓటీటీ యాప్‌లన్నీ తనే నడిపే చిన్న స్ట్రీమింగ్ స్టిక్ చాలు.

ఏది కొనాలన్న దగ్గర పెద్ద టెన్షన్ లేదు. మాది ఫుల్ హెచ్‌డీ టీవీ, 4కే స్టిక్‌కి డబ్బు పోయడం దండగ. నెట్‌ఫ్లిక్స్ సొంత లెక్క ప్రకారమే ఫుల్ హెచ్‌డీకి (1080పీ) 5 ఎంబీపీఎస్ నెట్ స్పీడు చాలు, 4కేకి 15 కావాలి. ఆపిల్ టీవీ మంచిదే, కానీ చవకైనది కావాలనుకున్నవాళ్లు దాని జోలికి పోరు. రోకు అనే కంపెనీ స్టిక్ వాడటం చాలా తేలిక, కాకపోతే దాని పిన్ ముఖ్యంగా కొనుగోళ్లకూ కొత్త యాప్‌లు చేర్చడానికీ కాపలా. ఫైర్ టీవీలో, గూగుల్ టీవీలో పిల్లలకు విడిగా ప్రొఫైల్ పెట్టొచ్చు. గూగుల్ టీవీలో రోజుకు ఎంతసేపు చూడాలో, ఎన్ని గంటలకు పడుకోవాలో కూడా మనమే పెట్టొచ్చు. మేం కొన్నదేమిటో చెప్పను. చెబితే వాళ్లొక్కరే ఇలాంటివాళ్లని అనుకుంటారు, మిగతా వాళ్లు తప్పించుకుంటారు.

మధ్యలో మా మరిది ఒక సలహా ఇచ్చాడు. "వదినా, పేరున్న కంపెనీలకు డబ్బులెందుకు పోస్తావ్? ఒక బాక్స్ వస్తుంది, అన్ని ఛానెళ్లూ ఫ్రీ, నెలనెలా కట్టే పనే లేదు" అని. ఇక్కడ నేను కాస్త గొప్పలు చెప్పుకుంటాను, ఎందుకంటే మా ఇంట్లో ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే. 2023లో టీ95 అనే చవక ఆండ్రాయిడ్ బాక్సులో ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఉందని కెనడాలో ఒక సెక్యూరిటీ నిపుణుడు బయటపెట్టాడు. 2025 జూన్‌లో ఎఫ్‌బీఐ బ్యాడ్‌బాక్స్ 2.0 అనే మాల్‌వేర్ ముఠా పని గురించి హెచ్చరించింది, అందులోనూ ఇలాంటి స్ట్రీమింగ్ పరికరాలే ఎక్కువ. ఆ మరుసటి నెలలో గూగుల్ కోర్టుకెక్కి, తన సర్టిఫికేషన్ లేని కోటికి పైగా ఆండ్రాయిడ్ పరికరాలకు ఇది సోకిందని చెప్పింది. మన ఇంటి వైఫైలో కూర్చుని ఎవరి పనో చేసిపెట్టే పెట్టె ఫ్రీ ఎలా అవుతుంది? పైగా అలాంటి వాటిలో చాలావాటికి వైడ్‌వైన్ ఎల్1 అనే కాపీ రక్షణ అనుమతి ఉండదు, అది లేకపోతే నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీలో రాదు. ఇదంతా మరిదికి చెప్పాను. "నా బాక్స్ బాగానే నడుస్తోందిగా" అన్నాడు. మాల్‌వేర్ కూడా బాగానే నడుస్తుంటుంది నాయనా.

టీవీకి తగిలించడం కాఫీ తాగినంత సేపు కూడా పట్టలేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, టీవీ యూఎస్‌బీ నుంచి కరెంటు ఇవ్వకండి. చాలా టీవీల్లో అది చాలక స్టిక్ మధ్యలో రీస్టార్ట్ అవుతుంటుంది. దానితో వచ్చిన అడాప్టర్‌ని గోడ సాకెట్‌కే పెట్టండి.

అసలు కథ కిడ్స్ ప్రొఫైల్ దగ్గర మొదలైంది.

పెట్టడం సులువే. వాడి పేరు, వయసు, పడుకునే టైమ్, ఏ యాప్‌లు కనిపించాలో అన్నీ ఎంచుకున్నాను. హోమ్ స్క్రీన్ మీద జంతువుల బొమ్మలతో వాల్‌పేపర్ వచ్చింది. వాడు గంతులేశాడు, నేను వంటింట్లోకి వెళ్లాను. వాడు ఒక ఓటీటీ యాప్ నొక్కాడు. అది నేరుగా నా ప్రొఫైల్లో తెరుచుకుంది, నేను సగం చూసి వదిలేసిన హత్యల సిరీస్ పోస్టర్ తెర నిండా! "అమ్మా, ఈ మామయ్య ఎందుకు ఎర్రగా ఉన్నాడు?" అని కేక.

పిల్లల ప్రొఫైల్లోంచి తెరిచిన యాప్ పెద్దల ప్రొఫైల్లోకి ఎలా వెళ్తుంది? నాకు అర్థం కాలేదు. స్టిక్ కంపెనీ చాట్‌లో అడిగాను. ముందు ఒక రోబో వచ్చి రీస్టార్ట్ చేయమంది, చేశాను. "మీ సమస్య తీరినందుకు సంతోషం" అని చాట్ మూసేసింది. తీరిందని ఎవరన్నారు? ఎలాగో మనిషి దొరికితే, "యాప్ లోపల కనిపించేది యాప్ వాళ్ల పరిధి మేడమ్" అన్నాడు. సరే, యాప్ వాళ్లకు ఫోన్ చేశాను. "మీరు డివైస్‌లో పేరెంటల్ కంట్రోల్స్ సరిగ్గా పెట్టుకోలేదేమో మేడమ్, డివైస్ వాళ్లను అడగండి" అన్నారు. మళ్లీ వీళ్ల దగ్గరికి, మళ్లీ వాళ్ల దగ్గరికి. ప్రతిసారీ మొదటి నుంచి కథంతా చెప్పాలి, ప్రతిసారీ రీస్టార్ట్ చేయాలి.

చివర్లో స్టిక్ కంపెనీ తరఫున మాట్లాడిన ఆయన, ఫోన్ స్పీకర్‌లో ఉండగా, పక్కన మా ఆడపడుచు కూర్చుని ఉండగా, ఏమన్నాడో తెలుసా? "పిల్లలు చూసేటప్పుడు మీరు పక్కన కూర్చుంటే ఈ సమస్యే రాదు కదా మేడమ్." నా మొహం మాడిపోయింది. ఆడపడుచు నవ్వాపుకోవడానికి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కిడ్స్ మోడ్ ఉందని అట్ట పెట్టె మీద అంత పెద్ద అక్షరాలతో రాసి అమ్మింది మీరేగా బాబూ? పక్కన కూర్చునే తీరికే ఉంటే ఆ మోడ్ నాకెందుకు? అప్పుడీ మాటలు నోటికి రాలేదు, ఫోన్ పెట్టేశాక వరుసగా వచ్చాయి.

వాళ్లెవరూ చెప్పని సంగతి ఇది. స్టిక్‌లోని కిడ్స్ ప్రొఫైల్ వీధి గుమ్మం లాంటిది, లోపలి గదుల తలుపులు అది వేయదు. ఏ యాప్ కనబడాలి, ఎంతసేపు, ఎప్పటిదాకా అన్నంతవరకే దాని పెత్తనం. యాప్ లోపల ఏముంటుందన్నది ఆ యాప్‌లోనే విడిగా పెట్టుకోవాలి. పిల్లలకు కిడ్స్ ప్రొఫైల్ పెడితే సరిపోదు, పెద్దవాళ్ల ప్రొఫైల్ ప్రతిదానికీ పిన్ పెట్టాలి. నెట్‌ఫ్లిక్స్‌లో ఆ పని టీవీ మీద వెతక్కండి, బ్రౌజర్‌లో అకౌంట్ పేజీ తెరిస్తే దొరుకుతుంది. ఫలానా సినిమా మాత్రం వద్దనుకుంటే దాని పేరు ఇచ్చి ఆపేయొచ్చు. తర్వాతి ఎపిసోడ్ తనంతట తానే మొదలవకుండా ఆటోప్లే కూడా అక్కడే తీసేయండి. "ఇంకొక్కటి" గొడవ సగం తగ్గింది మాకు.

పిన్ పెట్టాక ఇంకో విచిత్రం. చిన్నాడికి అంకెలు సరిగ్గా రావు, కానీ నేను రిమోట్‌తో నొక్కేటప్పుడు తెర మీద కర్సర్ ఎటు కదులుతోందో చూసి పెట్టుకున్నాడు. "కిందికి ఒకటి, పక్కకి రెండు, మళ్లీ పైకి" అని వాళ్లక్కకు నేర్పిస్తుంటే విన్నాను. అప్పట్నుంచి పిన్ నొక్కేటప్పుడు అందర్నీ అవతలికి పంపేస్తున్నా. కొన్ని స్టిక్‌లకు ఫోన్‌నే రిమోట్‌గా వాడుకునే యాప్ ఉంటుంది, టైపింగ్ ఫోన్‌లోనే చేసుకోవచ్చు. పిల్లలున్న ఇంట్లో కొనేముందు ఇది చూసుకోండి.

యూట్యూబ్ కిడ్స్ కోసం టీవీ యాప్ స్టోర్‌లో వెతికి టైమ్ పాడుచేసుకోకండి. టీవీల్లో ఆ విడి యాప్‌ని 2024లో ఆపేసి మామూలు యూట్యూబ్‌లోనే కలిపేశారు. నాలుగేళ్ల వరకు, 5 నుంచి 8, 9 నుంచి 12 అని మూడు వయసులుంటాయి. ఇవి కాక, తల్లిదండ్రులు ఎంచిన వీడియోలూ ఛానెళ్లూ మాత్రమే కనిపించే పద్ధతి ఒకటుంది, అందులో వెతకడమే ఉండదు. చిన్నాడికి నేను పెట్టింది అదే. ఒక సాయంత్రమంతా కూర్చుని ఛానెళ్లు ఏరాను. విసుగు పనే, అయినా వయసును బట్టి యూట్యూబ్ ఏరిపెట్టినవాటి కంటే నా ఏరుడే నయం. పెద్దదానికి ఇది సరిపోదు, అది అప్పుడే అలిగింది. దానికి సూపర్‌వైజ్డ్ అకౌంట్ (మన నిఘాలో ఉండే సొంత అకౌంట్) చేశాను.

ఒక యాప్‌లో మాత్రం పెద్దవాళ్ల ప్రొఫైల్‌కి పిన్ పెట్టే వీలే లేదు. వాళ్లను అడిగితే "మీ సూచనను సంబంధిత టీమ్‌కు పంపుతాం" అన్నారు. ఆ యాప్‌ని టీవీలోంచి తీసేశాను. మా ఆయనకు దాంట్లో ఏదో సీరియల్ సగంలో ఉందట, ఫోన్‌లో చూసుకోమన్నాను. కట్టిన గడువు అయ్యాక దానికి మళ్లీ డబ్బు కట్టేది లేదు.