మేనమామ పోలికేనా, ముక్కు మూసుకుపోయిందా?

మా గుంటూరులో ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా చూస్తుంటాను, పిల్లాడి మొహం కాస్త పొడుగ్గా, పై పళ్ళు ఎత్తుగా, గడ్డం లోపలికి ఉంటే "అచ్చం మేనమామ పోలికే" అనేస్తారు. పోలికలు అబద్ధం కాదు, దవడ తీరు వంశంలోనూ వస్తుంది. కానీ వాడు టీవీ చూస్తున్నా, పడుకున్నా నోరెందుకు తెరుచుకునే ఉంటుందని ఒక్కరూ అడగరు. నా బాధంతా అదే.

నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చేటప్పుడు నాలుక అంగిలికి ఆనుకుని ఉంటుంది. బయటి నుంచి బుగ్గలు నొక్కుతుంటే లోపలి నుంచి దవడకి ఆసరా ఆ నాలుకే. నోరు తెరిస్తే నాలుక కిందికి దిగిపోతుంది, ఇక బుగ్గలదే పైచేయి. ఎదిగే వయసులో ఏళ్ళ తరబడి ఇలా సాగితే పై దవడ ఇరుకై, అంగిలి గోపురంలా పైకి లేస్తుంది, పళ్ళు చోటు చాలక ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి, కింది దవడ ముందుకి రావాల్సింది కిందికి దిగి మొహం పొడుగవుతుంది. పైగా అంగిలికి పైనే ముక్కు కాబట్టి, దవడ ఇరుకైతే గాలి దారీ ఇరుకవుతుంది.

అందరికీ ఇలాగే అవుతుందని భయపెట్టను. అమెరికాలో హార్వోల్డ్ అనే పరిశోధకుడు కోతుల ముక్కులు మూసి చూస్తే వాటి దవడలు, పళ్ళు మారాయి గానీ, అన్నిటికీ ఒకేలా మారలేదు.

చిన్నపిల్లల్లో ఎక్కువగా అడ్డుపడేవి ముక్కు వెనకుండే అడినాయిడ్స్ (టాన్సిల్స్ లాంటి మెత్తటి కణజాలం), వాటికి తోడు టాన్సిల్స్, అలర్జీ. మనం మిర్చి ఘాటు మీదికి తోసేస్తాం, కానీ ఏడాది పొడవునా ముక్కు దిబ్బడ ఉంటే పరుపుల్లో, దిండ్లలో ఉండే కంటికి కనపడని దుమ్ము పురుగుల్ని కూడా అనుమానించాలి. అడినాయిడ్స్ నోరు తెరిచి చూసినా కనపడవు, ఎక్స్‌రేలోనో చిన్న కెమెరాతోనో చూడాలి. "పెద్దయితే అవే కరిగిపోతాయిలే" అంటారు. నిజమే, టీనేజీకి చాలావరకు చిన్నవైపోతాయి. మరి ఈలోపు అలా వంకరగా పెరిగిన ఎముక? అది తనంతట తాను పూర్తిగా వెనక్కి రాదు కదా!

ఇంకోటి, గుర్రుపెట్టి నిద్రపోతున్నాడంటే హాయిగా పడుకున్నాడని మురిసిపోతాం. రోజూ గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడటం, తల వెనక్కి వాల్చి పడుకోవడం, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, పగలు చిరాకు, చదువు మీద ధ్యాస లేకపోవడం, ఇవి ఉంటే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. అలర్జీ అయితే చాలామందికి ముక్కులో కొట్టే స్ప్రేతో తగ్గుతుంది, కొందరికే ఆపరేషన్. పళ్ళకి క్లిప్పులు వేయించేముందు కూడా ముక్కు సంగతి తేల్చుకోండి. ఇరుకు దవడని వెడల్పు చేసే పరికరాలు అంగిలి మధ్య అతుకు గట్టిపడకముందే, అంటే టీనేజీ దాటకముందే బాగా పనిచేస్తాయి.

దయచేసి "నోరు మూసుకో, ఈగలు దూరతాయి" అని పిల్లల్ని కసరకండి, చాలామంది గాలి ఆడకే తెరుస్తున్నారు. రీల్స్ చూసి పడుకునేటప్పుడు నోటికి టేప్ అసలే అంటించొద్దు, ముక్కు మూసుకుపోయిన బిడ్డకి ఉన్న ఒక్క దారీ అదే.