పచ్చి బియ్యం

అత్తయ్య చేటలో బియ్యం ఏరుతుంటే పక్కన చేరి గుప్పెడు నోట్లో వేసుకోవడం నాకెప్పుడు అలవాటైందో గుర్తు లేదు. మొదట చిటికెడే. తర్వాత హ్యాండ్‌బ్యాగులో పొట్లం కట్టుకుని స్కూలుకి పట్టుకెళ్లేదాకా వచ్చింది. "ఏటమ్మా, మళ్లీ బియ్యం బుక్కుతున్నావేటి? నీ పెళ్లిలో వాన ఎందుకు పడిందో ఇప్పుడు తెలిసింది" అని ఆవిడ నవ్వేవారు.

మాది విజయనగరం. చీపురుపల్లిలో టీచర్‌ని. పొద్దున్నే రైలు అందుకోవాలంటే స్టేషన్లో వంతెన ఎక్కాలి. పోయిన వేసవి నుంచి సగం మెట్లకే గుండె దడదడలాడేది. రైలింగ్ పట్టుకుని, ఫోన్ చూస్తున్నట్టు నటించేదాన్ని. జుట్టు కుచ్చులుగా ఊడేది. నలభై దగ్గరపడుతోంది కదా అని సరిపెట్టుకున్నాను. ఇంటి దగ్గర డాక్టరు ఏ టెస్టూ రాయకుండా "నీరసం" అని తేల్చేసి, బి-కాంప్లెక్స్ మాత్రలిచ్చి సెలైన్ ఎక్కించారు. ఫీజు విషయంలో మాత్రం ఏ నీరసమూ లేదు.

జూన్ నెలాఖరులో క్లాసులో బోర్డు ముందే కూలబడ్డాక రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 7.4. ఆడవాళ్లకి 12 ఉండాలి, 8 కన్నా తగ్గితే తీవ్రమైన రక్తహీనతే. ఈసారి చూసిన డాక్టరమ్మ కింది రెప్ప లాగి చూశారు, గోళ్లు చూశారు, నెలసరి ఎన్ని రోజులని అడిగారు. ఎనిమిది రోజులు. అది మామూలే అనుకునేదాన్ని. "మట్టి, బలపాలు, బియ్యం లాంటివి తినాలనిపిస్తోందా?" అని అడిగేసరికి సిగ్గుతో తల దించేసుకున్నాను. ఐరన్ తగ్గినవాళ్లలో ఇది ఉండేదేనట. స్కాన్‌లో గర్భసంచిలో చిన్న గడ్డ కనబడింది, దానికీ మందులు రాశారు.

ఐరన్ మాత్రలు నెల రోజులు ఒక్క పూట తప్పకుండా వేసుకున్నాను. మళ్లీ పరీక్ష చేస్తే 7.6!

"మాత్ర దేంతో వేసుకుంటున్నారమ్మా?"

"టిఫినవగానే, టీతో."

ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. టీలో ఉండే టానిన్లు ఇనుముని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవట. పాలూ అడ్డేనట. అంటే నెల రోజులు మాత్ర మింగి, దాని పని నేనే చెడగొట్టుకున్నానన్నమాట.

అప్పట్నుంచి మాత్ర పరగడుపున, నిమ్మకాయ నీళ్లతో. టీ స్కూల్లో ఇంటర్వెల్‌కే. మొదటి వారం తలపోటు చంపేసింది. పైగా మలబద్ధకం, విరేచనం నల్లగా తారులా. భయపడి మానేద్దామనుకుంటే, ఈ మాత్రలకి అలాగే అవుతుందని డాక్టరమ్మ చెప్పారు.

ఇక సలహాలకి లోటేముంది? ప్రతివాళ్లూ బీట్‌రూట్ జ్యూసే. రంగు ఎర్రగా ఉంటే రక్తం పట్టేస్తుందా? 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. అత్తయ్య అవేం పట్టించుకోకుండా చోళ్లు (రాగులు) నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకలొచ్చాక నీడన ఆరబెట్టి పిండి ఆడించారు. మొలకెత్తిస్తే గింజలోని ఇనుము ఒంటికి బాగా అందుతుంది. ఆ అంబలిలో పచ్చి ఉల్లిపాయ నంజుకుంటే నాకు ఇంకేం అక్కర్లేదు. ఆదివారాలు మేక కార్జం వేపుడు. అది మాత్రం ముక్కు మూసుకునే తిన్నాను, ఇప్పటికీ ఇష్టం లేదు.

సెప్టెంబరు నెలాఖరుకి 11.2 వచ్చింది. ఒంట్లో ఐరన్ నిల్వలు నిండాలి కాబట్టి మాత్రలు ఇంకో మూడు నెలలు వాడమన్నారు. దసరా వెళ్లాక మా ఊరి పైడితల్లమ్మ జాతర, సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర జనంలో రెండు గంటలు నిలబడి, ఇంటికి నడిచే వచ్చాను.

మర్నాడు అత్తయ్య చేట ముందేసుకుంటే పక్కనే కూర్చుని సిరిమాను కబుర్లు చెబుతున్నాను. కాసేపటికి ఆవిడ చెయ్యి ఆపి నా వైపు చూశారు.

"ఏటమ్మా, ఈ బియ్యం బాగోలేవేటి?"