పంతొమ్మిదేళ్లకు పట్టిన రాకెట్

గుంటూరులో మా వీధి పిల్లలకు టెన్నిస్ బంతి అంటే క్రికెట్ ఆడుకునే బంతి. అది వేరే ఆట కోసం తయారైందన్న సంగతి మాకు తెలియక కాదు, పట్టలేదు. 2012 వేసవిలో, ఇంజినీరింగ్ రెండో ఏడాది పరీక్షలు అయిపోయాక, వాడేసిన బంతులు పది రూపాయలకొకటి చొప్పున అమ్ముతారని విని ఊళ్లోని ఒక క్లబ్బుకు వెళ్లాను. అమ్మేది అక్కడి మార్కర్. మట్టి కోర్టుకు నీళ్లు చల్లి, రోలర్ లాగి, సున్నంతో గీతలు దిద్ది, జత దొరకని సభ్యుడు వస్తే ఆయనతో ఆడిపెట్టే మనిషిని మన క్లబ్బుల్లో మార్కర్ అంటారు. ఆ క్లబ్బులో అందరికన్నా బాగా ఆడేదీ, అందరికన్నా తక్కువ సంపాదించేదీ ఆయనే. "డబ్బులెందుకయ్యా, పొద్దున ఐదున్నరకల్లా వచ్చి బంతులు ఏరిపెట్టు, నాలుగు ఊరికే తీసుకుపో" అన్నాడు. నెల తిరిగేసరికి క్రికెట్ మానేసి, ఆయన ఇచ్చిన పాత రాకెట్‌తో గోడకు బంతులు కొడుతూ ఉన్నాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు నిండాయి.

ఆ తరువాత ఎనిమిదేళ్లలో ప్రొఫెషనల్ ఆటగాడిని కావాలని నేను చేసిన ప్రయత్నం ఎంతవరకు వెళ్లిందో, ఎక్కడ ఆగిందో రాయమని మిత్రులు చాలాసార్లు అడిగారు. రాసేముందు ఒక మాట తేల్చుకోవాలి. ఆలస్యంగా మొదలుపెట్టడం వేరు, ఆలస్యంగా పండడం వేరు. ఈ రెంటినీ కలిపేసి చెప్పే కథలతోనే నేను చాలాకాలం నన్ను నేను ఊరడించుకున్నాను.

నా గది గోడమీద రోహన్ బోపన్న బొమ్మ ఉండేది. కొడగు కాఫీ తోటల నుంచి వచ్చిన ఆ మనిషి 37వ ఏట తొలి గ్రాండ్‌స్లామ్ టైటిల్‌ను, 2017 ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్‌లో గెలిచాడు. 43వ ఏట, 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి పురుషుల డబుల్స్ గెలిచి, ప్రపంచ మొదటి ర్యాంకు అందుకున్న అతి పెద్ద వయస్కుడయ్యాడు. డొమినికన్ రిపబ్లిక్‌కు చెందిన విక్టర్ ఎస్ట్రెయా 33 ఏళ్లు దాటాక 2014లో తొలి వందమందిలోకి వచ్చాడు. మరుసటి ఏడు ఈక్వెడార్ రాజధాని క్విటోలో, పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్‌ను నడిపే ఏటీపీ టోర్నీల్లో తన తొలి టైటిల్ గెలిచి, ఆ తరువాత రెండేళ్లూ అక్కడే మళ్లీ మళ్లీ గెలిచాడు. మన సాకేత్ మైనేని అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయానికి ఆడి వచ్చి, 28వ ఏట క్వాలిఫయింగ్ అనే అర్హత పోటీలు దాటుకుని 2016 యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, అయిదు సెట్ల మ్యాచ్ ఆడాడు. వీళ్లందరి వయసులూ నాకు కంఠతా వచ్చేవి. గమనించనిదేమిటంటే, వీళ్లలో ఎవరూ నాలా పంతొమ్మిదేళ్లకు రాకెట్ పట్టినవారు కారు. పదకొండేళ్లకు మొదలుపెట్టిన బోపన్ననే టెన్నిస్ లోకం ఆలస్యంగా వచ్చినవాడంటుంది. ఫుట్‌బాల్ ఆడుకుంటూ పన్నెండేళ్లకు మద్రాసు అమృతరాజ్ అకాడమీలో చేరిన లియాండర్ పేస్ గురించీ అదే మాట. నేనేమో ఆ లెక్కలో మరో ఏడేళ్లు వెనక.

ఆ ఏడేళ్లు ఎక్కడ దాక్కున్నాయో నాకు చూపించినవాడు ఒక పదమూడేళ్ల కుర్రాడు. ఆట మొదలుపెట్టిన రెండేళ్లకు, క్లబ్బులో నన్ను ఓడించేవాళ్లు తగ్గిపోయిన రోజుల్లో, విజయవాడ నుంచి వచ్చిన ఆ పిల్లవాడితో ఒక మ్యాచ్ ఆడించారు. నా భుజం దాకా ఉన్నాడు. బంతిని నేనే గట్టిగా కొడుతున్నాను. 6-1, 6-0తో ఓడిపోయాను. బయట కూర్చున్న మార్కరన్న "నువ్వు బంతిని చూస్తున్నావు, వాడు నిన్ను చూస్తున్నాడు" అన్నాడు. రెండో రోజు అదే కుర్రాడు మరొకరితో ఆడుతుంటే కోర్టు పక్కన నేలమీద కూర్చుని వాడి పాదాలొక్కటే చూశాను. అవతలివాడి రాకెట్ బంతికి తగిలే క్షణానికి వాడు ఒక చిన్న గెంతు గెంతి, మునివేళ్ల మీద దిగుతున్నాడు. దిగుతూ దిగుతూనే ఒక పాదం బంతి వచ్చే వైపుకు తిరిగిపోయి ఉంటోంది. కోచ్‌లు దీన్ని స్ప్లిట్ స్టెప్ అంటారు, ఎవరైనా పది నిమిషాల్లో నేర్పుతారు. గెంతడం నేనూ నేర్చుకున్నాను. దిగేటప్పటికే ఎటు వెళ్లాలో పాదానికి తెలిసి ఉండటం మాత్రం నాకు ఈనాటికీ పూర్తిగా పట్టుబడలేదు. అవతలివాడి భుజం తిరిగిన తీరు, బంతి ఎగరేసిన చోటు, రాకెట్ తల వాలిన కోణం, వీటిని చదివే చూపు లక్షల బంతులు ఎదుర్కొంటే గాని రాదు, అదీ వాటిని చిన్నతనంలో ఎదుర్కోవాలి. కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు 23.77 మీటర్లు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వచ్చే సర్వీసు ఆ దూరం దాటడానికి అర సెకను పైచిలుకు పడుతుంది. అంత వ్యవధిలో ఆలోచించి కదలడం కుదరదు, ముందే కదిలి ఉండాలి. నా వేగానికీ దమ్ముకీ లోటు లేదు. నేను కదలడం మొదలుపెట్టేదే ఒక రెప్పపాటు ఆలస్యంగా, ఆ రెప్పపాటును ఏ వ్యాయామమూ పూడ్చలేదు.

సర్వీసు సంగతి అలా కాదు. టెన్నిస్‌లో ఎవరి బంతి కోసమూ ఎదురుచూడకుండా మనంతట మనం మొదలుపెట్టే దెబ్బ అదొక్కటే, అందులో చదవడానికి ఎదుటివాడు లేడు. కాబట్టి ఆలస్యంగా వచ్చినవాడికి ఏదైనా ఒక తలుపు తెరిచి ఉందంటే అది ఇదే. 211 సెంటీమీటర్ల పొడవున్న క్రొయేషియా ఆటగాడు ఈవో కార్లోవిచ్ ప్రధానంగా ఈ ఒక్క దెబ్బను నమ్ముకునే 2003 వింబుల్డన్ తొలి రౌండులో అంతకుముందు ఏటి విజేత లేటన్ హ్యూయిట్‌ను ఇంటికి పంపాడు. 29 ఏళ్లకు 14వ ర్యాంకుకు చేరి, నలభై దాటాక కూడా కొంతకాలం ఆడాడు. నాది 180 సెంటీమీటర్లు గనుక ఆ పోలిక అక్కడితో ఆపడం మంచిది.

మార్కరన్న నాకు నేర్పిన పద్ధతి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఎడమ పాదం ముందు నేలమీద రాకెట్ పడుకోబెట్టేవాడు. ఎడమ చేయి మోచేయి వంగకుండా లేపి బంతిని ఎగరేయాలి, కొట్టకూడదు, దాన్ని అలాగే కింద పడనివ్వాలి. అది రాకెట్ తల మీదే పడాలి. రోజుకు వంద. మొదటి రోజు వేసిన ఇరవైలో ఒక్కటే పడింది, మిగిలినవి ఒకటి నా నెత్తిమీద, ఒకటి పక్క కోర్టులో, ఇలా ఎక్కడపడితే అక్కడ. బంతిని వేళ్లతో విసురుతున్నంతకాలం అది తిరుగుతూ పోతుందనీ, అరచేతిలో గుడ్డును పైన అరమీద పెట్టినట్టు వదలాలనీ నాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది. పట్టు మార్చుకోవడానికి మరో ఆరు నెలలు. క్రికెట్ బ్యాటు పట్టిన చేతికి రాకెట్‌ను గొడ్డలి కామలా పట్టుకోమంటే మణికట్టు ఎదురుతిరిగేది. కాని మూడో ఏటికి, నా సర్వీసును క్లబ్బులో తిప్పికొట్టగలిగింది మార్కరన్న ఒక్కడే.

ఆ ధైర్యంతోనే 2017లో హైదరాబాదులో చేస్తున్న ఉద్యోగం మానేశాను. మా నాన్నగారు ఏమీ అనలేదు. అమ్మ మాత్రం "గెలిస్తే ఎంతిస్తార్రా?" అని అడిగింది. నవ్వుకున్నాను గాని, ఆ ప్రశ్నకు జవాబు వెతికితే ఈ వృత్తి స్వరూపమంతా బయటపడుతుంది. ఏటీపీ సింగిల్స్ ర్యాంకుల జాబితాలో సుమారు 2,000 మంది పేర్లుంటాయి. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో 128 మంది ఆడితే, ర్యాంకుతో నేరుగా వెళ్లేది 104 మంది. క్వాలిఫయింగ్‌లో మరో 128 మందికి చోటు ఉంటుంది. ఆ రెండు వందల చిల్లర దాటినవాళ్లలో చాలామందికి ఆట ఖర్చు ఆటతో రాదు. అట్టడుగున ఉండేవి అప్పట్లో ఫ్యూచర్స్ అని పిలిచిన టోర్నీలు. టోర్నీ మొత్తం ప్రైజ్‌మనీ 15,000 డాలర్లు, దాన్ని సింగిల్స్, డబుల్స్ ఆడే వాళ్లందరూ పంచుకోవాలి. క్వాలిఫయింగ్‌లో ఓడితే పైసా రాదు.

2018లో అలాంటి ఆరు టోర్నీలకు వెళ్లాను. శుక్రవారం సాయంత్రం స్వయంగా వెళ్లి సంతకం పెట్టి, పేరు డ్రాలో పడుతుందో లేదోనని కాగితం అతికించేదాకా అక్కడే తచ్చాడుతూ, స్లీపర్ బెర్తులో రాత్రంతా ప్రయాణం చేసిన కాళ్లతో శనివారం పొద్దున ఆడటం. రెండుచోట్ల తొలి రౌండు గెలిచాను. ఒకచోట, వేరే జంట తప్పుకోవడంతో, డబుల్స్ మెయిన్ డ్రాలో చోటు దొరికింది. 6-3, 6-4తో ఓడిపోయాం. నేను సర్వీసు చేసిన గేముల్లో వాళ్లు ఆ రోజు ఒక్కటే గెలుచుకున్నారన్నది ఇప్పటికీ నా దగ్గరున్న ఏకైక గొప్ప. నా వాటాకు వచ్చిన సొమ్ము ఆ వారం గది అద్దెకు కూడా చాలలేదు. అయినా నిఘంటువు ప్రకారం ఆడి సంపాదించాను గనుక, ఆ రోజుకు నేను ప్రొఫెషనల్‌నే.

2019 జనవరిలో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమాలు మార్చింది. కింది స్థాయి టోర్నీల్లో క్వాలిఫయింగ్‌ను 24 మందికి కుదించి, 15,000 డాలర్ల టోర్నీల నుంచి, ర్యాంకును లెక్కగట్టే ఏటీపీ పాయింట్లు తీసేసింది. గొడవ పెద్దదయ్యాక ఆగస్టు నుంచి పాయింట్లు తిరిగి వచ్చాయి. జూనియర్ రికార్డుగాని ర్యాంకుగాని లేని నాలాంటివాడికి మాత్రం, సంతకం పెట్టి అదృష్టం పరీక్షించుకునే పాత దారి చాలావరకు మూసుకుపోయింది. 2020 మార్చిలో కోవిడ్‌తో అన్నీ ఆగిపోయినప్పుడు నాకు ఇరవై ఏడు నడుస్తోంది. ఆటలు మళ్లీ మొదలయ్యాయి గాని నేను వెళ్లలేదు. డబ్బు అయిపోయిందన్నది ఒక కారణం. ఆ పదమూడేళ్ల కుర్రాడు ఈ ఏళ్లన్నిటిలో ఎంతో ఎదిగి కూడా ఒక్క ఏటీపీ పాయింటు కోసం తిప్పలు పడుతున్నాడని తెలియడం రెండో కారణం.

ఇప్పుడు పిల్లలకు ప్రాక్టీసు ఇస్తూ, వారాంతాల్లో పెద్దవాళ్లకు నేర్పుతున్నాను. కిందటి నెల ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వచ్చాడు, ఇరవై నాలుగేళ్లు. "ప్రొఫెషనల్ అవ్వాలంటే ఎన్నేళ్లు పడుతుందన్నా?" అని మొదటి రోజే అడిగాడు. సింగిల్స్‌లో ర్యాంకు రాదని, ముప్పై అయిదు దాటినవాళ్ల పోటీల్లో మాత్రం బాగా ఆడగలడని, అందుకు కూడా కనీసం ఆరేళ్లు కావాలని ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత బూట్ల తాళ్లు బిగించుకుని లేచాడు. అతని ఎడమ పాదం ముందు రాకెట్ పడుకోబెట్టి, బంతుల బుట్ట పక్కకు జరిపాను. ఇరవైలో మూడు పడ్డాయి.