ప్లాటు, కాయిన్, పార్టీ

బిట్‌కాయిన్ జూదం అని కొట్టిపారేసేవాళ్లలో చాలామంది అమరావతి వైపు ప్లాటు కొని కూర్చున్నవాళ్లే, మా విజయవాడలో ఇది మామూలే. నిన్న బీసెంట్ రోడ్డులో టీ తాగుతుంటే మా బాబాయ్ మొదలెట్టాడు, "కంటికి కనపడని దానికి డబ్బులేంట్రా?" అని. మరి 2019 డిసెంబర్లో మూడు రాజధానుల మాట రాగానే నీ ప్లాటు రేటు ఏమైంది బాబాయ్ అన్నాను. గ్లాసు కింద పెట్టేసి, "భూమి ఎక్కడికీ పోదు" అన్నాడు. నిజమే, పోదు. కొనేవాడే పోతాడు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ వచ్చాడనుకోండి, అది వేరే విషయం.

అలాగని బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో కరెన్సీలని వెనకేసుకు రావట్లేదు. 2021 నవంబర్లో 69 వేల డాలర్ల దాకా ఎక్కిన బిట్‌కాయిన్, ఏడాది తిరిగేసరికి ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్చేంజ్ దివాలా దెబ్బకి 16 వేల దగ్గరికి పడింది. నా మంటంతా పన్ను మీద. 2022 నుంచి లాభంలో 30 శాతం పన్ను, అమ్మితే అక్కడికక్కడే 1 శాతం టీడీఎస్ కోత, ఒక కాయిన్‌లో పోయింది ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకుందామంటే కుదరదు, పోనీ దీనికంటూ ఒక పూర్తి చట్టం తెస్తారా అంటే అదీ లేదు. వసూలుకి లేని మొహమాటం రూల్స్ రాయడానికి ఎందుకో!

ఈ మాట అంటే చాలు, నువ్వు ఏ పార్టీ అంటారు. ఇంకొంచెం ముందుకెళ్లి మీరేమిట్లు అని కూడా అడుగుతారు. పన్ను లెక్కకి కులం ఎందుకండీ?

అన్నట్టు, ఏ కాయిన్ కొనాలని ఇన్‌బాక్స్‌లో అడగొద్దు, చెప్పను.