తాళం చెవి ఇచ్చాక

నిలువ నీడ లేని మహిళకు గది దొరకగానే పని అయిపోయిందనుకుంటాం. చాలాసార్లు ఇల్లు చేజారేది ఆ తర్వాతే. అడ్వాన్సు ఎవరో కట్టారు, సరే. రెండో నెల అద్దె? పరుపు, పొయ్యి?

అద్దె ఒప్పందం ఆమె పేరునే రాయించాలి. అన్న పేరున ఉంటే గొడవైన రోజు బయటికి నడిచేది ఆమే. హింస నుంచి తప్పించుకొచ్చినవారైతే తాళం మార్చాలి, ఫోన్‌లో లొకేషన్ షేరింగ్ ఆపాలి. పిల్లల స్కూలు కాగితాల్లోంచీ చిరునామా బయటికి పొక్కుతుంది, ఇది చాలామందికి తట్టదు.

ముందు మందు మానాలి, ఉద్యోగం రావాలి, అప్పుడే ఇల్లు అనే షరతు నాకు మింగుడుపడదు. 1992లో న్యూయార్క్‌లో మొదలైన 'హౌసింగ్ ఫస్ట్' పద్ధతి దీన్ని తిరగేసింది: ముందు ఇల్లు, చికిత్స ఆమె ఒప్పుకున్నప్పుడు. వెళ్లి పలకరించే మనిషి మాత్రం తప్పనిసరి.