నలుగురి మాట విన్న రాజు

"మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా." అపొస్తలుల కార్యములు 5:29. ఈ మధ్య ఎవరైనా ఈ వచనం ఎత్తితే నాకు చిరాకొస్తోంది. వచనం మీద కాదు, వాడుతున్న తీరు మీద. సంఘ పెద్ద తప్పు దిద్దబోతే ఇదే మాట, లెక్క చెప్పమంటే ఇదే మాట. యేసు పేరున బోధించొద్దన్న యూదుల మహాసభ ముందు ఆ మాట అన్న రోజు, యేసు శిష్యుడైన పేతురు దెబ్బలు తిన్నాడు బాబూ! తిని, సంతోషిస్తూ మహాసభ నుంచి బయటికి వచ్చాడు. మనం ఎదుటివాడి నోరు మూయించడానికి వాడుతున్నాం.

పేతురులో మనల్ని చూసుకునే ముందు ఇశ్రాయేలు మొదటి రాజు సౌలులో చూసుకుంటే మంచిది. 1 సమూయేలు 15 తీయండి. కథ మీకు తెలిసిందే. అమాలేకీయులను పశువులతో సహా నిర్మూలం చేయమని ప్రవక్త సమూయేలు ద్వారా దేవుడు సౌలుకు చెప్పడం, అతడు మిగుల్చుకున్న మంచి మంచి పశువులు, బ్రతకనిచ్చిన వాళ్ళ రాజు అగగు. నేను ఆగిపోయేది 24వ వచనంలో సౌలు ఒప్పుకోలు దగ్గర: "జనులకు జడిసి వారి మాట వినినందున."

మాట వినడం. మన భాషలో ఈ మాటకు చెవికీ చేతికీ మధ్య తేడా లేదు. పిల్లాడు మాట వినడంలేదు అంటే వాడికి చెవుడని కాదు కదా. హెబ్రీలోనూ అంతే, 'షమా' అంటే వినడమూ, లోబడడమూ. దానికి జోడీగా 'కోల్', అంటే స్వరం. ఈ రెండు మాటలు పట్టుకుని అధ్యాయమంతా మళ్ళీ చదవండి. యెహోవా మాట వినమని మొదలుపెడతాడు సమూయేలు. తర్వాత వచ్చి, నా చెవిన పడుతున్న ఈ గొఱ్ఱెల అరుపులేమిటి, ఎడ్ల రంకెలేమిటి అంటాడు. అక్కడా అదే 'కోల్'. యెహోవా మాట ఎందుకు వినలేదంటే, విన్నానంటాడు సౌలు. చివరికి ఒప్పుకుంటాడు: విన్నది జనుల స్వరం. దేవుని స్వరం, జనం స్వరం, గొఱ్ఱెల స్వరం, అన్నిటికీ ఒకే మాట! వినని మనిషిని చివరికి పశువులే పట్టించాయి.

ఇంకో చిన్న సంగతి. 9వ వచనంలో ఆ పశువులను మిగిల్చింది "సౌలును జనులును" కూడి. 15వ వచనానికి వచ్చేసరికి మంచివాటిని ఉంచింది "జనులు", మిగిలినవాటిని నిర్మూలం చేసింది "మేము". ఎంత తెలివి! పైగా అవి "నీ దేవుడైన యెహోవాకు" బలి కోసమట. అందరికంటే భుజాలెత్తు పొడవైన మనిషి, జనం వెనక దాక్కుంటున్నాడు.

ఇది రాస్తుంటే నా సంగతే గుర్తొస్తోంది. ఒకసారి కూటం అయ్యాక నలుగురు పెద్దలు కూర్చుని ఒక సహోదరుడి గురించి మాట్లాడుతున్నారు. అది అబద్ధమని నాకు తెలుసు. నోరు విప్పలేదు. వాళ్ళ దగ్గర నాకున్న మంచిపేరు అడ్డొచ్చింది. ఒక మాటకు నవ్వాను కూడా. ఆ రాత్రి అతని కోసం చాలాసేపు ప్రార్థించాను, మర్నాడు ఉపవాసమున్నాను. మనసు కుదుటపడింది. కొన్నాళ్ళకు ఈ అధ్యాయం చదువుతుంటే అర్థమైంది, నా ఉపవాసం సౌలు బలి పేరుతో మిగిల్చిన ఆ క్రొవ్విన పొట్టేలే. బలికంటే మాట వినడం శ్రేష్ఠమని సమూయేలు అన్నది నాకే.

మరి పేతురు? ఒక పనిపిల్లకు భయపడి ప్రభువును ఎరుగనన్నవాడు కొన్ని వారాలకే మహాసభ ముందు నిలబడ్డాడు. అదే పేతురు తర్వాత అంతియొకయ పట్టణంలో సున్నతి పొందిన యూదులకు భయపడి, యూదులు కాని అన్యజనుల పంక్తి నుంచి పక్కకు లేచాడు (గలతీ 2:12). "దేవునికే మేము లోబడవలెను" అని పలికిన నోటికే ఆ గతి పట్టిందంటే, ఒకసారి ధైర్యంగా నిలబడ్డామని మీసం తిప్పుకోవడానికేముంది? మనుషుల భయం ఒక్క గెలుపుతో పోయేది కాదు. ప్రియులారా, ఎవరి ముఖం చూసి మీ గొంతు తగ్గుతుందో ఆ ముఖం పేరు పెట్టి ప్రార్థించండి. ఊరికే "ధైర్యమియ్యి తండ్రీ" అని సరిపెట్టొద్దు.

సౌలు పాపం చేశానని ఒప్పుకున్నాడు, అది నిజమే. కానీ ఆ వెంటనే, నా జనుల పెద్దల ఎదుట మాత్రం నన్ను ఘనపరచమని అడిగాడు (15:30). ఒప్పుకోలు సమూయేలు దగ్గర, పరువు పెద్దల దగ్గర.

నేను ఆ సహోదరుడికి ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. "పర్లేదన్నా, ప్రార్థన చేద్దాం" అన్నాడు. ఆ నలుగురి ముందు మాత్రం ఇంకా చెప్పలేదు. ఆదివారం కూటం ఉంది. నలుగురూ వస్తారు.